‘మాయమాటలు చెప్పి’: వినబడని యువతి కేసులో ఎఫ్ఐఆర్ చేసిన చేటు, దాని మరమ్మతు

నేపథ్యం

సుజాత (పేరు మార్చాం) వయసు ఇరవై నాలుగు. పుట్టుకతోనే వినబడదు. ఉత్తర తెలంగాణలో పత్తి ఎక్కువగా పండే ఒక మండలం ఆమెది. బధిరుల బడి జిల్లా కేంద్రంలో ఉంది కానీ ఆడపిల్లను హాస్టల్లో వదలడానికి ఇంట్లో ధైర్యం చాలలేదు. ఊరి బళ్ళో రెండో తరగతి దాకా వెనక బెంచీలో కూర్చుంది. చదవడం, రాయడం రాదు. భారతీయ సంకేత భాషను ఎప్పుడూ చూడలేదు. ఇంట్లోవాళ్ళతో, పత్తి ఏరడానికి కలిసి వెళ్ళే ఆడవాళ్ళతో ఆమె మాట్లాడేదంతా తను పుట్టించుకున్న సైగలతోనే. అయితే ఆ సైగలు కొద్దిపాటివేం కావు. ఏ చేను ఎవరిదో, ఎవరు కూలి డబ్బులు ఎగ్గొట్టారో, ఎవరింట్లో పెళ్ళి ఎప్పుడో అన్నీ చెప్పగలదు.

నిందితుడు అదే ఊళ్ళో ట్రాక్టరున్న రైతు. సుజాత కుటుంబానికి ఏడాదిలో ఎక్కువ రోజులు అతని చేలోనే కూలి. వరసకు బావ అవుతాడు. రెండు కుటుంబాల మధ్య పాత గట్టు తగాదా ఒకటుంది. ఆ చిన్న సంగతి విచారణలో చాలా దూరం వచ్చింది.

ఈ కేసులో సుజాత తరఫున పనిచేసిన మేము గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం, తేదీలు కొంచెం జరిపాం. నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత, దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత పాత చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చిన 2024 జూలై 1 తర్వాతి కేసు ఇది. కాబట్టి సెక్షన్లన్నీ కొత్త నంబర్లతోనే ఉంటాయి.

కేసు చేతికొచ్చేసరికి ఉన్న పరిస్థితి

జనవరిలో నెలసరి రావడం లేదని తల్లి గమనించింది. పరీక్షలో గర్భమని తేలింది. ఎవరని అడిగితే సుజాత సైగతో చెప్పింది. ఆ తర్వాత పన్నెండు రోజులు పెద్దమనుషుల పంచాయితీ నడిచింది. మొదట డబ్బు అన్నారు, తర్వాత ‘పెళ్ళి చేసేస్తే సరి’ అన్నారు. రెండూ కుదరక పదమూడో రోజున తల్లి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళింది. సుజాతను బయట అరుగు మీద కూర్చోబెట్టారు. ఫిర్యాదు తల్లి పేరు మీదే, పంచాయితీలో కూర్చున్న ఒక చదువుకున్న కుర్రాడి చేతిరాతతో తయారైంది. అందులో అసలు వాక్యం ఇది:

‘మతిస్థిమితం సరిగా లేని, చెవిటి మూగ అయిన నా కూతురికి మాయమాటలు చెప్పి, పెళ్ళి చేసుకుంటానని నమ్మించి, శారీరకంగా లోబరుచుకుని గర్భవతిని చేసినాడు.’

ఫిర్యాదులు రాసేవాళ్ళకు ఈ వాక్యం నోటికొచ్చు. కానీ పుట్టుకతో వినబడని మనిషికి మాయమాటలు ఎవరు చెప్పగలరు, ఆమె ఏ చెవితో విని నమ్మింది? స్టేషన్లో ఎవరికీ ఈ ప్రశ్న తట్టలేదు. ‘పెళ్ళి చేసుకుంటానని’ అన్న మాట పంచాయితీలో పెద్దమనుషులు అన్నది. ఫిర్యాదులోకి వచ్చేసరికి నిందితుడు ముందే ఇచ్చిన మాటగా మారిపోయింది.

ఈ ఒక్క వాక్యం మూడు చోట్ల దెబ్బ కొట్టింది. పెళ్ళి మాట ఉంది కాబట్టి ఎస్ఐ న్యాయ సంహిత సెక్షన్ 69 పెట్టారు, అంటే పెళ్ళి ఆశ చూపి మోసంతో లైంగిక సంబంధం. అది అత్యాచారం కిందికి రాని నేరం, శిక్ష పదేళ్ళ వరకు. సెక్షన్ పేరే ‘ఆమె ఒప్పుకుంది’ అని సగం చెప్పేస్తుంది. శారీరక లేదా మానసిక వైకల్యమున్న స్త్రీపై అత్యాచారానికి పెట్టాల్సింది అదే సంహితలోని 64(2)(కె). దానికి కనీస శిక్షే పదేళ్ళు, గరిష్ఠం శేష జీవితమంతా జైలు. రెండో దెబ్బ ‘మతిస్థిమితం’ అన్న పదం. అది ఆస్పత్రిలో ఒకసారి, కోర్టులో ఇంకోసారి అడ్డం తిరిగింది. మూడోది, ఫిర్యాదు తల్లిది కావడం. నాగరిక సురక్షా సంహిత 173(1) ప్రకారం వైకల్యమున్న బాధితురాలి సమాచారాన్ని ఆమె ఇంట్లో గాని, ఆమె కోరిన చోట గాని, ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ (వైకల్యమున్నవారికి చదువు చెప్పే టీచరు) సమక్షంలో వీడియో తీస్తూ నమోదు చేయాలి. సెక్షన్ 69 కేసుకు కూడా ఇది వర్తిస్తుంది. ఇక్కడ వీడియో లేదు, ఇంటర్‌ప్రెటర్ లేరు, అసలు సుజాత మాటే లేదు.

ఆస్పత్రి: నాలుగు రోజులు ఎందుకు పోయాయి

ముందు చూడాల్సింది కోర్టు కాదు, కడుపు. స్కానింగ్‌లో 15 వారాల 2 రోజులని వచ్చింది. పోలీసు లేఖతో పాటు ఎఫ్ఐఆర్ కాపీ వెళ్ళింది. అందులో ‘మతిస్థిమితం సరిగా లేని’ అని చూసి ఆస్పత్రి వాళ్ళు గార్డియన్ సంతకం, కోర్టు ఉత్తర్వు రెండూ కావాలన్నారు.

గర్భవిచ్ఛిత్తి చట్టంలో గార్డియన్ సమ్మతి అవసరమయ్యేది మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రమే. సుజాత మేజరు, వైకల్యం వినికిడిది. 2021 సవరణ తర్వాత 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులకు, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో, 24 వారాల దాకా కోర్టు ప్రమేయం అక్కర్లేదు. ఇవి వివరిస్తూ ఒక పేజీ లేఖ ఇస్తే ఆస్పత్రి ఒప్పుకుంది. అప్పటికి నాలుగు రోజులు పోయాయి. హైకోర్టుకు వెళ్దామని ఒక ఆలోచన వచ్చింది గానీ మానుకున్నాం. ఉత్తర్వు రావడానికి పట్టే రోజులు ఒక కారణం. అవసరం లేని చోట ఉత్తర్వు తెస్తే, తర్వాత వచ్చే ప్రతి బాధితురాలినీ అదే తెమ్మంటారన్నది రెండోది.

ఇంతకంటే కష్టమైన ప్రశ్న వేరే ఉంది. తల్లిదండ్రులు తీయించేయాలనుకున్నారు, సరే. సుజాతకు ఏం కావాలి? అప్పటిదాకా ఎవరూ ఆమెను అడగలేదు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ కాన్పులు ఆమె చూసింది కాబట్టి, చేత్తో గీసిన బొమ్మలతో రెండు దారులూ చూపించాం. ఒక వరసలో కడుపు పెరగడం, కాన్పు, చంకలో బిడ్డ. రెండో వరసలో ఆస్పత్రి మంచం, సెలైన్, ఖాళీ కడుపు, ఇంటికి రావడం. తల్లి గదిలో లేనప్పుడు ఒకసారి, మర్నాడు బొమ్మల వరస తారుమారు చేసి ఇంకోసారి అడిగాం. రెండుసార్లూ ఆస్పత్రి మంచం ఉన్న వరస మీదే చెయ్యి పెట్టింది. ఆ బొమ్మల కాగితం మీద ఆమె వేలిముద్ర, సాక్షి సంతకం తీసుకుని కేస్‌షీటుకు జత చేయించాం. కుడి వైపు బొమ్మనే చూపించే అలవాటు కొందరికి ఉంటుంది. తారుమారు చేయకపోతే ఆ జవాబుకు విలువ లేదు.

ఆపరేషన్ థియేటర్ దగ్గర ఒక ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. పోలీసు లేఖలో ‘పిండాన్ని భద్రపరచగలరు’ అని ఉంది గానీ ఎలాగో లేదు. బయాప్సీకి చేసే అలవాటు ప్రకారం సిస్టర్ ఫార్మలిన్ సీసా తెచ్చారు. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడైపోతుంది. మామూలు సెలైన్‌తో కడిగి, శుభ్రమైన డబ్బాలో సీలు వేసి, ఐస్ బాక్సులో పెట్టి, అదే రోజు కానిస్టేబుల్‌తో పంపాలి. సుజాత రక్త నమూనా కూడా వెంట ఉండాలి. నిందితుడి నమూనా తర్వాత వెళ్ళింది. అప్పటి నుంచి పోలీసులకు ఇచ్చే లేఖ నమూనాలో ‘ఫార్మలిన్ వాడరాదు, ఐస్‌లో పంపాలి’ అని ఎర్ర అక్షరాల్లో పెడుతున్నాం.

తేదీ లెక్క

స్కానింగ్ 15 వారాలంది కదా అని దర్యాప్తు అధికారి నేరం జరిగిన కాలాన్ని ‘సుమారు 15 వారాల క్రితం’ అని రాసుకున్నారు. లెక్కేస్తే సెప్టెంబర్ చివరి వారం వస్తుంది. ఆ వారంలో నిందితుడు తండ్రి ఆపరేషన్ కోసం హైదరాబాద్ ఆస్పత్రిలో ఉన్నాడు. అడ్మిషన్ కాగితాలు, డిశ్చార్జ్ సమ్మరీ, అటెండెంటు పాసు అన్నీ బెయిల్ పిటిషన్‌కే జత చేశారు. నిజానికి ఆ కాగితాల్లో ఒక్కటీ దొంగది కాదు.

తప్పంతా లెక్కలోనే ఉంది. స్కానింగ్ చెప్పే వయసును చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. గర్భం నిలిచేది దాదాపు రెండు వారాల తర్వాత. అంటే 13 వారాల క్రితం, వారం అటో ఇటో. అలా చూస్తే దసరా చుట్టుపక్కల రోజులు వస్తాయి. స్కాన్ చేసిన డాక్టరుతో ఈ లెక్కను అనుబంధ వాంగ్మూలంగా రాయించకపోతే, కేసు మొదటి వాయిదాలోనే కూలిపోయేది. గర్భం ద్వారా బయటపడే ప్రతి కేసులోనూ చార్జిషీటుకు ముందు చూడాల్సిన అంకె ఇదేనన్నది మా అభిప్రాయం.

సుజాత వైపు నుంచీ కాలం తేలాలి. ఆమెకు నెలల పేర్లు లేవు, పండగలు ఉన్నాయి. బతుకమ్మకు వంగి చప్పట్లు కొడుతూ ఒక అడుగు పక్కకు వేస్తుంది. సంక్రాంతికి నేల మీద ముగ్గు వేసినట్టు వేళ్ళు జారుస్తుంది. పత్తి మొదటి ఏరుడుకు నడుముకు ఒడి కట్టుకుంటున్నట్టు చూపిస్తుంది. నేల మీద ఒక తాడు పరిచి, ఆ పండగల బొమ్మలు వరసగా పెట్టమంటే తప్పు లేకుండా పెట్టింది. ఆ సంఘటనకు ఒక గులకరాయి ఇస్తే, సద్దుల బతుకమ్మ దాటాక, మొదటి ఏరుడు బొమ్మను ఆనించి పెట్టింది. డాక్టరు లెక్క, గులకరాయి ఒక్కచోటే పడ్డాయి.

పనికిరాని రెండు అనువాదాలు

మొదట పోలీసులు నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 180 కింద తల్లినే మధ్యలో పెట్టుకుని వాంగ్మూలం తీశారు. తల్లి మాట ఒక్కటే: ‘నా బిడ్డ చెప్పేది నాకు తప్ప ఎవలకు తెల్వది సారూ.’ అది చాలావరకు నిజం కూడా. కానీ సుజాత ఎడమ మణికట్టు చుట్టూ రెండు వేళ్ళు తిప్పితే, తల్లి నిందితుడి పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా చెప్పింది. రికార్డులో పడింది పేరు, సైగ కాదు. మణికట్టు చుట్టూ వేళ్ళు తిప్పడమంటే కడియం. ఊళ్ళో కడియం పెట్టుకునే మగవాళ్ళు ఇద్దరున్నారని తర్వాత తెలిసింది. గట్టు తగాదా వల్ల తల్లే ఆ పేరు ఇరికించిందని డిఫెన్స్ (నిందితుడి తరఫు లాయరు) అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2012లో స్టేట్ ఆఫ్ రాజస్థాన్ వర్సెస్ దర్శన్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. మూగ సాక్షి సైగలనే నమోదు చేయాలి, వాటి అర్థం మాత్రమే రాస్తే చాలదు. ఇంటర్‌ప్రెటర్ ఆ పరిసరాలు తెలిసినవారై ఉండాలి, కానీ కేసులో ఎలాంటి ప్రయోజనం ఉండకూడదు, వారిచేత కూడా ప్రమాణం చేయించాలి. ఆ కేసులో మధ్యన నిలబడింది సాక్షి తండ్రే.

కాబట్టి తల్లిని పక్కన పెట్టి హైదరాబాద్ నుంచి శిక్షణ పొందిన సంకేత భాష ఇంటర్‌ప్రెటర్‌ను రప్పించారు. మేజిస్ట్రేటు ముందు సెక్షన్ 183 వాంగ్మూలానికి రోజు కుదిరింది. మనిషి అర్హతలో లోటు లేదు. కానీ సుజాతకు సంకేత భాష రాదు. ఇంటర్‌ప్రెటర్ ప్రమాణబద్ధమైన సైగలతో ‘నీ పేరేంటి’ అని అడిగితే సుజాత తలూపింది. ‘నీ వయసెంత’ అన్నా తలూపింది. ‘అతను నిన్ను కొట్టాడా’ అన్నప్పుడూ తలూపింది. ఆ మూడో తలూపును ‘అవును’ అని రాసుకోబోతుంటే ఆపాల్సి వచ్చింది. వినబడనివాళ్ళు పెద్ద మనుషుల ముందు తలూపడమంటే చాలాసార్లు ‘చూస్తున్నాను’ అనో, ‘కోప్పడొద్దు’ అనో అర్థం.

అక్కడ తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఎలాగోలా ఆ రోజు వాంగ్మూలం పూర్తిచేయించాలా, వాయిదా అడగాలా? వాయిదా వేస్తే ‘ఆలస్యం, నేర్పించి తెచ్చారు’ అంటారు. ఊళ్ళో ఒత్తిడి పెరుగుతుంది. అయినా వాయిదాకే మొగ్గు చూపాం, కారణం సెక్షన్ 183(6)(బి). వైకల్యమున్న వ్యక్తి వాంగ్మూలాన్ని ఇలా తీస్తే, విచారణలో అదే ప్రధాన సాక్ష్యం. మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సిన పని లేదు, నేరుగా క్రాస్ ఎగ్జామినేషనే, అంటే డిఫెన్స్ వేసే ఎదురు ప్రశ్నలే. చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటు రెండు వైపులా పదునున్న కత్తి. చెడిపోయిన వాంగ్మూలం నమోదైతే అదే ఆమె సాక్ష్యమై కూర్చుంటుంది. ‘సాక్షికి, ఇంటర్‌ప్రెటర్‌కు మధ్య భాష కుదరలేదు’ అని ప్రాసిక్యూషన్ ద్వారా మెమో వేయించాం. మేజిస్ట్రేటు ఆ మాటే నమోదు చేసి మూడు వారాల గడువిచ్చారు.

నోటుబుక్కు

పనిచేసింది ఒకరు కాదు, ముగ్గురున్న గొలుసు. మొదటి మనిషి, ఆరేళ్ళుగా సుజాతతో కలిసి పత్తి ఏరుతున్న ఒకావిడ. బంధువు కాదు, రెండు కుటుంబాలతో ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. రెండో మనిషి, తనకూ వినబడని ఒక సంకేత భాష టీచరు. చూపుతో, అభినయంతో, బొమ్మలతో భాష లేని చోట కూడా అర్థం రాబట్టడం వినగలిగేవాళ్ళకంటే వీళ్ళకు బాగా వచ్చు. మూడో మనిషి, ఆ టీచరు సంకేత భాషను తెలుగులోకి మార్చే ఇంటర్‌ప్రెటర్. మొదటిసారి వచ్చినప్పుడు విఫలమైనవారే, ఈసారి సరైన చోట నిలబడ్డారు.

పత్తి ఏరే ఆవిడ కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోలేదు. ఆమె పని నోటుబుక్కు వరకే. ప్రతి సైగకూ మూడు గడులు: చేతులు ఏం చేస్తాయి, ఏ సందర్భంలో వాడుతుంది, అర్థం. ఒక వరస ఇలా ఉంటుంది: ‘కుడి చేతి నాలుగు వేళ్ళు పెదాల మీంచి బయటికి విదిలించడం / కూలి రోజులు తక్కువ లెక్క చెప్పినప్పుడు / అబద్ధం.’ అరవైకి పైగా సైగలు చేరాయి. ప్రతిదాన్నీ టీచరు విడిగా సుజాతతో బొమ్మలు చూపించి సరిచూశారు. కుదరని ఏడింటిని కొట్టేశారు. కొట్టివేతలు అలాగే కనబడేలా ఉంచాం. శుభ్రంగా తిరగరాస్తే అనుమానం వస్తుంది.

మూడు సెషన్లు జరిగాయి, ఒక్కోటి గంటన్నర. నియమం ఒక్కటే: సంఘటన గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకూడదు. కూలి, వంట, పండగలు, ఇరుగుపొరుగు గురించే మాట్లాడాలి. సుజాత తనంతట తానే సంఘటన ఎత్తితే ‘తర్వాత, పెద్దసారు ముందు’ అన్న సైగతో ఆపాలి. ఆమె రెండుసార్లు ఎత్తింది, రెండుసార్లూ ఆపిన సంగతి సమయంతో సహా లాగ్‌లో ఉంది, వీడియో కూడా ఉంది. క్రాస్‌లో ‘ఎన్ని రోజులు నేర్పించారు?’ అన్న ప్రశ్నకు ఆ లాగే జవాబైంది.

ఖర్చు ఎవరిదన్నది మాత్రం రెండు వారాలు తినేసింది. చివరికి వికలాంగుల హక్కుల చట్టం 2016లోని సెక్షన్ 12 ఉటంకిస్తూ రాసిన లేఖ మీద జిల్లా న్యాయసేవాధికార సంస్థ భరించింది.

రెండో వాంగ్మూలం

ఈసారి మేజిస్ట్రేటు కోర్టు హాల్లో కాకుండా ఛాంబర్లో పెట్టుకున్నారు. ప్రమాణం సంగతి ముందు తేలాలి. ‘దైవసాక్షిగా’ అంటే ఆమెకు అర్థం కాదు. టీచరు ఎర్ర చీర చూపించి పచ్చ చీర సైగ చేశారు. సుజాత నవ్వి, పెదాల మీంచి వేళ్ళు విదిలించింది. ఇలాంటివి నాలుగు. అబద్ధమంటే ఏంటో, ఇక్కడ అది ఆడకూడదని ఆమెకు తెలుసని మేజిస్ట్రేటు తన మాటల్లో రాసుకున్నారు. ‘మతిస్థిమితం’ అన్న పదానికి ఇక్కడే మొదటి గండి పడింది.

వీడియోను మొబైల్ ఫోన్‌తో తీయడమే మేలని చట్టం అంటుంది. తీసే మనిషి మామూలుగా ముఖానికి దగ్గరగా పెడతాడు, చేతులు ఫ్రేములోంచి జారిపోతాయి. సైగల సాక్ష్యంలో ముఖం మాత్రమే ఉన్న వీడియో మాట వినబడని ఆడియో లాంటిదే. తల మీద ఒక జానెడు, కింద నడుము దాకా, రెండు పక్కలా మోచేతులు చాచే జాగా ఉండాలి. ఫోను స్టాండు మీదే ఉండాలి. రెండో ఫోను ఇంటర్‌ప్రెటర్ల వైపు. కిటికీ వెలుగు టీచరు వెనక నుంచి వస్తుంటే ఆమె చేతులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి కాబట్టి కుర్చీలు మార్చారు. ఇరవై నిమిషాలకోసారి విరామం. అంతకు మించి చేతులు చూస్తూ కూర్చుంటే అలసట వచ్చేది టీచరుకు, తప్పు పడేది సాక్షి ఖాతాలో.

రికార్డు ఎలా రాయాలో ముందే ఒక నమూనా ఇచ్చాం: ముందు సైగ, కింద అర్థం. ఆ పద్ధతిలో రికార్డులో పడింది ఇది: ‘సాక్షి తన రెండు మణికట్లను ఒకదానితో ఒకటి అదిమి పట్టింది, తర్వాత ఎడమ అరచేతిని తన నోటి మీద గట్టిగా నొక్కింది, తలను మూడుసార్లు అడ్డంగా ఊపింది, రెండు చేతులతో ముందుకు తోసినట్టు చేసింది.’ దాని కింద: ‘ఇంటర్‌ప్రెటర్ చెప్పిన అర్థం: చేతులు పట్టుకున్నాడు, నోరు మూశాడు, వద్దన్నాను, తోశాను.’

ఆ నాలుగు వరసలే కేసుకు వెన్నెముక. డీఎన్ఏ నివేదిక తండ్రి ఎవరో మాత్రమే తేలుస్తుంది, ఇష్టమా కాదా అన్నది చెప్పదు. నివేదిక వచ్చాక డిఫెన్స్ ‘మా వాడు కాదు’ నుంచి ‘ఆమె ఇష్టపడింది’కి మారుతుందని ముందే తెలుసు, మారింది కూడా. ఇక్కడే సెక్షన్ ఏదన్నది ప్రాణమవుతుంది. 64(2) కింద కేసుంటే, సంబంధం రుజువై, ‘నేను ఒప్పుకోలేదు’ అని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలని భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 120 అంటుంది. సెక్షన్ 69కి ఆ రక్షణ లేదు. రెండో వాంగ్మూలం కాపీతో దర్యాప్తు అధికారి సెక్షన్ మార్పు మెమో వేశారు. 69 పోయి 64(2)(కె) వచ్చింది. వైకల్యం రుజువుకు ట్రంకుపెట్టెలో ప్లాస్టిక్ కవరులో దొరికిన పాత సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్టు, కొత్తగా చేయించిన వినికిడి పరీక్ష రెండూ జతచేశారు.

గుర్తింపు

కడియం సమస్య మిగిలే ఉంది. సైగకూ మనిషికీ ముడి సుజాతే వేయాలి, తల్లి కాదు. నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 54 కింద, గుర్తించే వ్యక్తికి వైకల్యముంటే ఆ ప్రక్రియ మేజిస్ట్రేటు పర్యవేక్షణలో, ఆ వ్యక్తికి అనువైన పద్ధతిలో, వీడియోతో జరగాలి. వరసలో నిలబెట్టిన వాళ్ళందరికీ ఫుల్ హ్యాండ్ చొక్కాలు వేయించి, మణికట్ల దాకా గుండీలు పెట్టించారు. కడియం పెట్టుకునే రెండో వ్యక్తీ వరసలో ఉన్నాడు. సుజాత వరస చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి, నిందితుడి ముందు రెండు గజాల దూరంలో ఆగింది. అతని వైపు చూస్తూనే తన ఎడమ మణికట్టు మీద వేళ్ళు తిప్పింది.

ముడి పడింది. ఆ తర్వాత ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదని తల్లి చెప్పింది. ఎదురెదురుగా నిలబెట్టడం కాకుండా అద్దం వెనక నుంచి చూపించే ఏర్పాటు అడగాల్సింది. అది మా లోపమే.

కోర్టు గది

విచారణ ఇన్ కెమెరా, అంటే బయటివాళ్ళు లేకుండా మూసిన గదిలో. నిందితుడు కనబడకుండా తెర పెట్టారు, మంచిదే. కానీ మామూలు చోట పెడితే ఆ తెర జడ్జికి సుజాత చేతులు కనబడనీయలేదు. తెరను నిందితుడి పక్కకు జరిపి, జడ్జి, ఇద్దరు లాయర్లు, టీచరు నలుగురికీ ఆమె నడుము పైభాగం కనబడేలా చూసుకున్నాకే మొదలైంది. ఈ సర్దుబాటుకు పట్టింది పదిహేను నిమిషాలు. ముందు రోజే వెళ్ళి చూసుకుని ఉంటే అదీ పట్టేది కాదు.

క్రాస్‌లో అసలు చిక్కు తెలుగుతోనే వచ్చింది. ‘ఆ రోజు అతను చేనుకు రాలేదు కదా?’ అనడిగితే, తలూపు ‘అవును, వచ్చాడు’ అనా, ‘అవును, రాలేదు’ అనా? మామూలు మనిషి విషయంలోనే తికమక, మూడు చేతులు మారి వచ్చే ప్రశ్నలో మరీనూ. ఒక ప్రశ్నలో ఒకే విషయం, ‘కదా’ లేకుండా, వ్యతిరేకార్థం లేకుండా అడగాలని ప్రాసిక్యూటర్ ముందే అభ్యర్థన పెట్టారు, జడ్జి అనుమతించారు. సుజాత ముందు నాలుగు బొమ్మల కార్డులు ఉంచారు: అవును, కాదు, తెలియదు, అర్థం కాలేదు. క్రాస్ మొత్తంలో ఆమె తొమ్మిదిసార్లు ‘అర్థం కాలేదు’ కార్డు చూపింది. మొదటిసారి అందరూ నిరాశపడ్డారు గానీ, ఆ తొమ్మిదే మిగతా ‘అవును’, ‘కాదు’లకు విలువ తెచ్చాయి.

‘ఇలాంటి సాక్ష్యం బలహీనం’ అన్న వాదనకు పఠాన్ జమాల్ వలీ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ తీర్పు జవాబైంది. కర్నూలు జిల్లాకు చెందిన చూపులేని దళిత యువతి కేసు అది. ఆమె నిందితుణ్ణి గొంతును బట్టి గుర్తుపట్టింది. లోకాన్ని వేరే తీరులో గ్రహిస్తారన్న కారణంతో వైకల్యమున్న స్త్రీ సాక్ష్యాన్ని తక్కువ చేయరాదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తేల్చింది. ప్రాసిక్యూటర్ చదివింది రెండు పేరాలే.

తల్లి ఫిర్యాదులోని ‘మాయమాటలు’ గురించి డిఫెన్స్ గట్టిగా అడిగింది. తల్లి ఉన్నదున్నట్టు చెప్పింది: ‘రాసిన పిలగాడు రాసిండు, నేను ఏలుముద్ర ఏసిన.’ ఫిర్యాదు రాసిన కుర్రాణ్ణి సాక్షిగా పిలిపించడం ఇక్కడ ఉపయోగపడింది. ‘ఇట్లనే రాస్తరు’ అన్నాడతను.

64(2)(కె) కింద పదేళ్ళ శిక్ష పడింది. అప్పీలు నడుస్తోంది.

తర్వాత

ఇప్పుడు ఇలాంటి కేసు రాగానే మొదటి గంటలో అడిగే ప్రశ్నలు మారాయి. ‘సంకేత భాష ఇంటర్‌ప్రెటర్ దొరుకుతారా’ కంటే ముందు ‘ఈమె ఏ భాషలో మాట్లాడుతుంది, బడికెళ్ళిందా, వినబడని స్నేహితులున్నారా’ అని తెలుసుకుంటాం. ఎఫ్ఐఆర్‌లో వైకల్యం రకం పేరు పెట్టి రాయించాలి, ‘మతిస్థిమితం’, ‘చెవిటి మూగ’ అని కలిపి రాయనివ్వకూడదు. తల్లిని బయటికి పంపేయడం కూడా సరి కాదు. ఆమె కనిపించేంత దూరంలో ఉంటే పిల్ల కుదుటపడుతుంది, కానీ అనువాదం చేయకూడదు. ఈ తేడా తల్లికి నచ్చజెప్పడానికి ఒక పూట కేటాయించాలి. ఈ కేసులో ఆ పని చేయక, వాయిదా రోజున కోర్టు వరండాలో ఆమె గొడవపడింది.

పరిహారం నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) 2018 పథకం కింద వచ్చింది. అత్యాచారానికి అందులో కనీసం 4 లక్షలు, గరిష్ఠం 7 లక్షలు. వచ్చినదాంట్లో 75 శాతం కనీసం మూడేళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు. ఖాతా సుజాత పేరునే ఉంది. కానీ ఆమె పింఛను కోసం ఎప్పుడో తెరిచిన ఖాతా అది, దానికిచ్చిన ఫోన్ నంబరు ఆమె అన్నయ్యది. డబ్బు పడిన మెసేజ్, ఓటీపీ అన్నీ అతని ఫోనుకే వెళ్ళాయి. నంబరు మార్చడానికి వెళ్తే బ్యాంకువాళ్ళు ‘అన్నను తీసుకురండి’ అన్నారు. వేలిముద్ర, ఆధార్ ఆమెవే కదా అని మేనేజరుతో మాట్లాడి, ఆధార్ కేంద్రానికి రెండుసార్లు తిరిగి, మూడో వారంలో ఆమె కొత్త ఫోను నంబరు ఎక్కించాం. వీడియో కాల్ చేయడం టీచరే నేర్పారు. ఆ ఫోనులో ముగ్గురి నంబర్లున్నాయి, పేర్ల బదులు ఫొటోలతో.